ముప్పు చాలని అడవి

మనిషి చేత ఏ పనైనా బలవంతంగా చేయించడం చాలా తేలిక. ఒక చట్టం, ఒక జరిమానా రసీదు, మీసాలున్న పోలీసు ఒకడు ఉంటే చాలు. అదే పని ఇష్టపూర్వకంగా చేయించాలంటే మాత్రం ఒక శాఖ కావాలి, ఆ శాఖకొక భవనం కావాలి, భవనంలో కాఫీ యంత్రం కావాలి, ఆ కాఫీ తాగుతూ జనం ఇష్టాలను సరైన దారిలో పెట్టే అధికారులు కావాలి. ఈ సత్యాన్ని గ్రహించిన పెద్దలు ఎస్టోనియా దేశపు ఆగ్నేయ మూలన, వోరు పట్టణంలో, ఐచ్ఛిక ప్రకృతి పరిరక్షణ ప్రణాళికా కేంద్రాన్ని స్థాపించారు. సొంత అడవులున్నవాళ్లు తమ అడవుల్లోని పిట్టలనూ పురుగులనూ తమంతట తామే కాపాడుకోవాలనీ, అందుకు ఎవరూ ఎవరినీ బలవంతపెట్టకూడదనీ ఆ కేంద్రం ఆశయం. (బలవంతపెట్టే విభాగం అదే భవనంలో పై అంతస్తులో ఉంది. దాని వేళలు వేరు.)

అయితే ఇష్టమనేది మనిషికొక తీరుగా ఉంటుంది. ఒకడికి పొద్దున కలిగిన ఇష్టం మధ్యాహ్నానికి ఉండదు. ఇంకొకడికి భార్య ఇంట్లో లేనప్పుడే కలుగుతుంది. ఇలాంటి నాసిరకం ఇష్టాలతో ప్రణాళికలు వేయడం కుదరదు కనుక, కేంద్రం ముందుగా ఇష్టాల నాణ్యతా నియమావళిని రూపొందించింది. దాని ప్రకారం భూయజమాని ఇష్టం సకాలంలో, తగిన మోతాదులో, అధికారి సమక్షంలో కలగాలి. ముందే కలిగి ఉన్న ఇష్టం చెల్లదు. అవసరానికి మించి ఇష్టపడే యజమానిని కాస్త అనుమానంగా చూడాలని కూడా అందులో ఒక ఉపనిబంధన ఉంది.

హెల్డూర్ కోల్క్ సరిగ్గా ఆ ఉపనిబంధన కిందికే వచ్చాడు.

హెల్డూర్ పనిచేసినన్నాళ్లూ పాల ట్యాంకరు నడిపాడు. ఎవరితోనూ గొడవ పెట్టుకోని మనిషి. పెద్యా అనే వాళ్ల ఊరినుంచి శ్మశానానికి వెళ్లే దారిని ఆనుకుని, తాతల నాటి పైన్ అడవి ఒకటి అతనికి ఉంది. ఆ ఊళ్లో పోయినవాళ్లను శ్మశానానికి తీసుకెళ్లే బండి ఆ అడవి దగ్గర ఆగుతుంది. పోయినవారి దగ్గరి బంధువుల్లో ఒక మగమనిషి దిగి, ఒక పైన్ చెట్టు బెరడు మీద కత్తితో శిలువ చెక్కుతాడు. వోడ్కా సీసా ఒకటి చేతులు మారుతుంది. బండి కదులుతుంది. పోయినవారు ఎప్పుడైనా లేచి ఇంటిదారి పడితే, ఆ చెట్టు దగ్గర తమ శిలువ చూసుకుని, ‘అరె, మనం పోయాం కదూ’ అని గుర్తు తెచ్చుకుని వెనక్కి తిరుగుతారు. ఇంట్లోవాళ్లు నిశ్చింతగా నిద్రపోతారు. శిలువ పడ్డ చెట్టు మీద మరి గొడ్డలి పడదు. ఇది ఏ చట్టంలోనూ రాసిలేదు. అందుకే ఇన్ని తరాలుగా అందరూ పాటించారు.

హెల్డూర్ భార్య మైము శిలువ కూడా అక్కడే ఉంది, దారికి అందరికన్నా దగ్గరగా ఉన్న చెట్టు మీద. దాన్ని చెక్కింది ఆమె తమ్ముడు ఆక్సెల్. ఏడుస్తూ చెక్కడం వల్ల శిలువ ఒక రెక్క కిందికి వంగింది. దాని పక్క పైన్ చెట్టును హెల్డూర్ తనకోసం ఎంచి పెట్టుకున్నాడు. అది కూడా ఆక్సెలే చెక్కాలని బావామరుదుల మధ్య ఒప్పందం. తానే ముందు పోతే ఎలాగని ఆక్సెల్ ఒకసారి అడిగాడు. అప్పుడు నేనే చెక్కుతాను, నీకన్నా తిన్నగా చెక్కుతాను అని హెల్డూర్ హామీ ఇచ్చాడు.

చిక్కంతా ఏమిటంటే, ఆ దేశంలో సొంత అడవి ఉన్నవాడికి ఫోను మోగని రోజుండదు. సరిగ్గా సూపులో చెంచా పెట్టే వేళకు ఎవరో ఒకరు మర్యాదగా పలకరించి, అడవి అమ్ముతారా అని అడుగుతారు. హెల్డూర్ కూడా మర్యాదగా అమ్మనంటాడు. తానున్నంత కాలం అలా అంటూనే ఉంటాడు. తర్వాత ఎవరు అంటారు? వాళ్లకు పిల్లల్లేరు. అడవి దక్కేది తాలిన్‌లో ఉండే తమ్ముడి కొడుకు రీవోకి. మైము అంత్యక్రియల భోజనం బల్ల దగ్గరే రీవో, ఉప్పుచేప నములుతూ, నిజాయితీగా చెప్పేశాడు.

“పెదనాన్నా, నీ దగ్గర దాచడం ఎందుకు, అది నా చేతికొచ్చిన వారంలోనే అమ్మేస్తాను. నాకు దోమలంటే పడదు.”

కుర్రాడి నిజాయితీ హెల్డూర్‌కు నచ్చింది. ఆ తర్వాత మాత్రం సరిగా నిద్రపట్టడం మానేసింది. తన తర్వాత కూడా ఆ రెండు చెట్లూ పక్కపక్కనే నిలబడి ఉండాలి. ఈ లోకంతో అతనికి మిగిలిన పని అదొక్కటే. కనుక కేంద్రంవారు ‘మీ అడవి, మీ ఇష్టం, మన ప్రణాళిక’ అని ఊళ్లో ప్రకటన అంటించగానే, అందరికన్నా ముందు వెళ్లి పేరిచ్చాడు.

మొదటి సంప్రదింపు ఊరి సాంస్కృతిక భవనంలో జరిగింది. మెలితిప్పిన తియ్యరొట్టె, కాఫీ పెట్టారు. ఇష్టాల నిర్ధారణ అధికారిణి మార్గిత్ వాహ్త్రా గోడకు పెద్ద మ్యాపు తగిలించి, యజమానులకు రంగు బిళ్లలు పంచింది. ముప్పై దాటని మనిషి, నెమ్మదస్తురాలు, అందరినీ పేరుపెట్టి పలకరించింది. ఇక్కడ తప్పు జవాబంటూ ఉండదనీ, మీ మనసులో ఉన్న కోరికను బట్టి బిళ్ల అంటించండనీ చెప్పింది. పిట్టలు పెరగాలంటే ఆకుపచ్చ. నీళ్లు నిలవాలంటే నీలం. అడవిని సంస్కరించాలంటే పసుపు. హెల్డూర్ మూడు బిళ్లలూ అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

“నాకు అడవి ఇప్పుడెలా ఉందో అలాగే ఉంటే చాలమ్మా.”

“అది కోరిక కాదండీ,” అంది మార్గిత్ మెత్తగా. “అది పరిస్థితి.”

“ఆ పరిస్థితే నా కోరిక.”

“దానికి రంగు లేదండీ.”

తప్పు జవాబంటూ లేని సభలో తప్పు జవాబు చెప్పినవాడిగా హెల్డూర్ వెనక వరసలోకి వెళ్లి రొట్టె తిన్నాడు. బిళ్లలు జేబులో వేసుకుని ఇంటికొచ్చాడు. (సభా నివేదికలో అతని కోరికల దగ్గర ‘లేవు’ అనీ, పాల్గొన్న తీరు దగ్గర ‘ఉత్సాహభరితం’ అనీ నమోదైంది.)

తర్వాత ఒక నిపుణుడు వచ్చి రోజంతా అడవిలో తిరిగాడు. నల్ల వడ్రంగిపిట్ట గూడు చూసి ఈల వేశాడు. ముసలి బెరడు మీద తప్ప బతకని నాచు చూసి టోపీ తీశాడు. ఒక కుళ్లిన దుంగ పక్కన బోర్లా పడుకుని, అందులోంచి బయటికొస్తున్న పెంకుపురుగుతో ఫొటో దిగాడు. ప్రాణికోటి విభాగంలో హెల్డూర్ అడవికి జిల్లాలోకెల్లా ఎక్కువ మార్కులు వచ్చాయి. ఆక్సెల్ బావను బీరు తాగడానికి పిలిచాడు. ఆ బీరు ఇంకా గ్లాసులో ఉండగానే కేంద్రం నుంచి నిరాకరణ వచ్చింది.

ఏమైందో తెలుసుకుందామని హెల్డూర్ పట్నం వెళ్లాడు. మార్గిత్ అతనికి కాఫీ ఇచ్చి వివరంగా చెప్పింది. ప్రాణికోటి మార్కులను ముప్పు మార్కులతో హెచ్చవేస్తారు. ముప్పు మార్కులంటే, యజమాని ఆ అడవిని నాశనం చేసే అవకాశం ఎంత ఉందన్న అంచనా. ఎలాగూ చావని రోగికి మందెందుకన్నది కేంద్రం సిద్ధాంతం. హెల్డూర్ గురించి ఊళ్లో విచారించగా ఇతనివల్ల అడవికి ఏ ముప్పూ లేదని అందరూ ముక్తకంఠంతో చెప్పారు. అక్కడ సున్నా పడింది. పాల లెక్కలు చూసినవాడికి గుణకారం రాకపోదు కదా, మొత్తం సున్నాయే అవుతుందని హెల్డూర్ కూడా ఒప్పుకున్నాడు.

“మీరు నరకరని మాకు పూర్తి నమ్మకం ఉందండీ. అదే ఇబ్బంది,” అంది మార్గిత్.

“నేను పోయాక మా రీవో నరికిస్తాడమ్మా. వాడే చెప్పాడు.”

“ఆయన ఇంకా యజమాని కాదు కదా. అయ్యాక రమ్మనండి. ఆయన దరఖాస్తుకి చాలా మంచి అవకాశాలున్నాయి.”

హెల్డూర్‌కు ఒళ్లు మండింది. మండిన ఒంటితోనే ఆమెకు కృతజ్ఞతలు చెప్పి, కాఫీ కప్పు తనే కడిగిపెట్టి వచ్చాడు.

ఇక్కడ వాగవతల తార్మో గురించి చెప్పాలి. తార్మో తన అడవినంతా ఒకే చలికాలంలో నేలమట్టం చేసి అమ్ముకున్నాడు. తొర్రపడ్డ బిర్చ్ చెట్టు ఒకటి మాత్రం పనికిరాదని చెట్లు నరికే యంత్రంవాడు వదిలేశాడు. ఆ బిర్చ్‌కి ముప్పు విభాగంలో నూటికి నూరు వచ్చాయి. చుట్టూ కంచె కట్టారు, పక్కన బెంచీ వేశారు, కేంద్రం డైరెక్టరుగారు స్వయంగా వచ్చి తార్మో మెడలో ఓక్ ఆకుల దండ వేసి, ఆదర్శ స్వచ్ఛంద యజమాని అన్న ఫలకం చేతికిచ్చారు. ప్రకృతిని ఎలా ప్రేమించాలో యువత తార్మోని చూసి నేర్చుకోవాలని ఆయన కోరారు. ఆ ప్రసంగం వినడానికి ఎండలో నిలబడ్డవాళ్లకు నీడ దొరకలేదు.

“బావా, నిన్ను చూసి చెట్లు కాదు గదా, కుందేళ్లు కూడా లేచి పారిపోవు,” అన్నాడు ఆక్సెల్ ఆ సాయంత్రం. “కాస్త దుర్మార్గుడిలా కనబడటం నేర్చుకో. ఈసారి రంపం పట్టుకెళ్లు.”

హెల్డూర్ పునర్విచారణ కోరి, మోటారు రంపం భుజాన వేసుకుని బస్సెక్కాడు. కేంద్రంలో దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఆక్సెల్ నేర్పినట్టు కనుబొమలు ముడిచి కూర్చున్నాడు. మార్గిత్ రంపాన్ని పరిశీలించింది. గొలుసు తుప్పు పట్టి ఉన్నందువల్ల సగం మార్కే ఇవ్వగలనని, అది కూడా తన విచక్షణతో ఇస్తున్నానని చెప్పింది. నరకాలన్న ఆలోచన మొదట ఎప్పుడు కలిగిందని అడిగింది. హెల్డూర్ అబద్ధం కోసం లోపలంతా వెతికాడు. దొరకలేదు.

“ఇప్పుడేనమ్మా. మీరు అడిగాక.”

కేంద్రం ప్రోద్బలంతో కలిగిన దురుద్దేశం లెక్కలోకి రాదు. సగం మార్కు కూడా పోయింది. (రంపాన్ని తిరుగు బస్సులో ఎక్కించుకోనన్నాడు డ్రైవరు. ఆ రోజు మొత్తానికి హెల్డూర్‌ను ప్రమాదకరమైన మనిషిగా గుర్తించింది అతనొక్కడే.)

నిబంధనల ప్రకారం చివరి తిరస్కరణకు ముందు అధికారి ఒకసారి స్వయంగా అడవిని చూడాలి. ఆకురాలు కాలంలో మార్గిత్ రబ్బరు బూట్లు వేసుకుని, చేతిలో టాబ్లెట్‌తో వచ్చింది. హెల్డూర్ ముందు నడిచాడు. చెట్ల మధ్యకు వెళ్లేసరికి ఆమె నడక నెమ్మదించింది. దారి వైపు తిరిగి ఉన్న ప్రతి పెద్ద పైన్ మీదా శిలువలు. కొన్ని కొత్తవి. కొన్నింటి చుట్టూ బెరడు పెరిగి, పెదవి మూసుకున్నట్టు మూసుకుపోయాయి. మార్గిత్ ఉన్ని టోపీ తీసేసింది. తమ అమ్మమ్మ శిలువ కూడా లాట్వియా సరిహద్దు వైపు ఎక్కడో ఇలాంటి చెట్టు మీదే ఉండాలనీ, ఏ చెట్టో ఇప్పుడెవరికీ తెలియదనీ చెప్పింది. ఇది మైముగారిదా అని అడిగింది. అవును, వంకరగా ఉంది చూడండి, వాళ్ల తమ్ముడు చెక్కాడు అన్నాడు హెల్డూర్.

తర్వాత ఆమె ఉద్యోగం ఆమెకు గుర్తొచ్చింది.

టాబ్లెట్‌లోని యాప్, చెట్ల మీద గుర్తులేమైనా ఉన్నాయా అని అడుగుతుంది. ఉన్నాయంటే, వాటిని చేసిందెవరని అడుగుతుంది. అక్కడ రెండే జవాబులుంటాయి. ఒకటి యజమాని, రెండోది ఎలుగుబంటి. (ఆ యాప్ తయారుచేసినవాళ్లు అడవిలో ఈ ఇద్దరిని తప్ప మరెవరినీ ఊహించలేదు.) యజమాని అని నొక్కగానే మిగతాదంతా దానంతటదే నిండుతుంది. గుర్తులున్న చెట్లు నరకడానికి ఎంచినవి, ఉద్దేశం దృఢమైనది, తరతరాలుగా కొనసాగుతున్నది, ముప్పు మార్కులు పూర్తి. మార్గిత్ తెరను చూసింది, హెల్డూర్‌ను చూసింది, మళ్లీ తెరను చూసింది. తను చేయబోయేది తప్పేమో అని ఆమెకు తోచింది. చేయకపోతే ఈ అడవికి ఇక దారిలేదని కూడా తోచింది.

“హెల్డూర్ గారూ, ఏమని నొక్కమంటారు? ఎలుగుబంటి అననా, యజమాని అననా?”

హెల్డూర్ ఆ వంకర రెక్క వైపు చూశాడు.

“యజమాని అనే నొక్కండమ్మా. ఎలుగుబంటి చెక్కిందంటే ఆక్సెల్ నొచ్చుకుంటాడు.”

చలికాలం మొదట్లో అనుమతి వచ్చింది. ఇంత పాతుకుపోయిన ముప్పును తాము ఇంతకుముందు చూడలేదనీ, అలాంటి ముప్పును మనసు మార్చుకునేలా చేయడం కేంద్రం చరిత్రలోనే పెద్ద విజయమనీ డైరెక్టరుగారు పత్రికలవాళ్లతో అన్నారు. ఊరంతా హెల్డూర్ భుజం తట్టింది. అడవి అతనిదే కానీ, అందులో తమవాళ్ల శిలువ ఒక్కటైనా లేని ఇల్లు ఆ ఊళ్లో లేదు. ప్రణాళిక మొత్తం కంప్యూటరులో పెట్టారు, యజమాని చదివి సమ్మతి తెలపాలి. ఊరి గ్రంథాలయంలో కూర్చుని ఆక్సెల్ పైకి చదివాడు, హెల్డూర్ విన్నాడు. ‘ఈ అడవి శాశ్వతంగా, సంపూర్ణంగా రక్షితం. యజమాని ఇష్టమే ఈ ప్రణాళికకు పునాది’ అన్న చోటికి వచ్చేసరికి ఇక చదవాల్సిందేమీ లేదని ఇద్దరికీ అనిపించింది. సమ్మతి తెలిపి ఆవిరిస్నానానికి వెళ్లిపోయారు. కింద అనుబంధాలున్నాయి. అనుబంధాలు చదివే అలవాటు ఇద్దరికీ లేదు. పొగచూరిన ఆ గదిలో చెమటలు కక్కుతూ, ప్రభుత్వం మనం అనుకున్నంత చెడ్డదేం కాదని ఒక నిర్ణయానికి వచ్చారు.

అనుబంధంలో ఉన్నదేమిటంటే, కేంద్రం తన సిద్ధాంతానికి చివరి దాకా కట్టుబడింది. యజమాని ఇష్టమే పునాది అన్నాక, అతని ఇష్టాన్ని సగంలో వదిలేస్తే అది బలవంతం అవుతుంది. ఈ యజమాని కొన్ని చెట్లు నరకాలని తరతరాలుగా కోరుకుంటున్నట్టు, ఒక్కొక్క చెట్టునూ ఎంచి గుర్తు పెట్టుకున్నట్టు రుజువైంది. ఆ కోరికను గౌరవించి, గుర్తులున్న చెట్లన్నిటినీ కేంద్రమే తన ఖర్చుతో నరికించి పెడుతుంది. గుర్తులేని చెట్లు శాశ్వతంగా రక్షితం.

మంచు కరుగుతున్న రోజుల్లో, పిట్టలు గూళ్లు కట్టకముందే పని ముగించాలని యంత్రం వచ్చింది. (పిట్టల విషయంలో కేంద్రం చాలా పట్టింపుగా ఉంటుంది.) చప్పుడు విని హెల్డూర్ సైకిలు మీద వెళ్లాడు. అడవి అంచున కొత్త తాడు కట్టి ఉంది. అనుమతి లేనిదే ఎవరూ, యజమాని సహా, లోపలికి రాకూడదన్న పలక ఉంది. జీవితంలో ఎర్రదీపం దాటని మనిషి ఆ తాడు దాటాడు. అప్పటికే ఆలస్యమైంది. మైము చెట్టు దారికి అందరికన్నా దగ్గర కదా, పని దాంతోనే మొదలైంది.

యంత్రం నడుపుతున్నవాడు పక్క ఊరి మనిషే. ఆ శిలువలేమిటో వాడికి తెలుసు. ప్రతి చెట్టు దగ్గరా యంత్రం ఆపి, టోపీ తీసి, ఒక్క క్షణం తలవంచి, టోపీ పెట్టుకుని నరుకుతున్నాడు. హెల్డూర్ ఎదురుగా వెళ్లి రెండు చేతులూ ఎత్తి నిలబడ్డాడు.

“ఆపు బాబూ. నేను ఈ అడవి యజమానిని.”

“మీరేనా అండీ,” అన్నాడు వాడు కిందికి దిగి. వాడి ముఖం కూడా ఏం బాగాలేదు. “ఇది మీ కోరికేనంట కదా. మీ ఇష్టానికి విరుద్ధంగా నేను ఎలా ఆపను?”

హెల్డూర్ అక్కడే నిలబడి కేంద్రానికి ఫోను చేశాడు. మార్గిత్ లేదు, యజమానుల మాట ఎలా వినాలి అన్న అంశం మీద శిక్షణకు వెళ్లింది. ఆమె బదులు ఎత్తిన అధికారి ఓపికగా విన్నాడు. ఇష్టాన్ని వెనక్కి తీసుకునే హక్కు యజమానికి ఎప్పుడూ ఉంటుందనీ, ఇప్పుడు చెబితే వేసవి చివరికల్లా అది అమల్లోకి వస్తుందనీ భరోసా ఇచ్చాడు. ఈలోగా తాడు లోపల నిలబడి మాట్లాడుతున్నారేమో, దయచేసి బయటికి వెళ్లమన్నాడు.

సాయంత్రానికి దుంగలు దారిపక్కన పేర్చి ఉన్నాయి. శిలువలు దారివైపే ఉన్నాయి. ఊరు ఊరంతా వచ్చి ఎవరివి వాళ్లు వెతుక్కుంది. ఎవరూ హెల్డూర్‌ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని అతనికి అనిపించింది. ఎవరివైపు చూసినా వాళ్లు దుంగలవైపు చూశారు. ఆక్సెల్ రెక్క వంగిన శిలువను గుర్తుపట్టి, ఆ ముక్క మేరకు కోసి, భుజాన వేసుకుని నడిచాడు. హెల్డూర్ సైకిలు నడిపించుకుంటూ వెనకే వెళ్లాడు. ఆక్సెల్ ఆ ముక్కను హెల్డూర్ ఇంటి గేటుకు ఆనించి, శిలువ వీధివైపు ఉండేలా నిలబెట్టాడు. వాళ్ల అక్క వస్తే కనీసం ఇక్కడైనా చూసుకుని వెనక్కి తిరగాలి. లోపలికి రమ్మంటే రాలేదు.

“బావా, ఎలుగుబంటి అని చెప్పి ఉండాల్సింది,” అన్నాడు పోతూ పోతూ. “నేనేం నొచ్చుకునేవాణ్ణి కాదు.”

హెల్డూర్ గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత వంగి, ఆ చెక్కముక్కను రెండు చేతులా పట్టుకుని వెనక్కి తిప్పాడు. ఇప్పుడు శిలువ కంచెవైపు ఉంది, దారిన వచ్చేవాళ్లకు కనబడదు. మర్నాడు అటుగా వెళ్తూ ఆక్సెల్ చూసి, మళ్లీ వీధివైపు తిప్పాడు. సాయంత్రం హెల్డూర్ మళ్లీ కంచెవైపు తిప్పాడు. అప్పటినుంచి అది రోజూ తిరుగుతూనే ఉంది. (ఈ విషయం ఇద్దరూ ఇంతవరకు ఎత్తలేదు.)

ఆ వేసవిలో హెల్డూర్ చివరిసారి కేంద్రానికి వెళ్లాడు. ఈసారి రంపం తీసుకెళ్లలేదు. శిక్షణ ముగించుకొచ్చిన మార్గిత్ అతన్ని చూడగానే లేచి, బల్ల ఇవతలికి వచ్చి నిలబడింది. కేంద్రం అధికారులు బల్ల ఇవతలికి రాకూడదన్న నియమం ఉంది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“నేను అనుబంధం చూసుకోలేదు హెల్డూర్ గారూ.”

“మేమూ చూడలేదమ్మా,” అన్నాడు హెల్డూర్.

వచ్చిన పని చెప్పాడు. తన చెట్టు నిలబడే ఉంది. దాని మీద ఏ గుర్తూ లేదు కనుక బతికిపోయింది. రీవో ఇక దాన్ని అమ్మలేడు. అడవి రక్షితమైందని ఎలా తెలిసిందో గానీ, ఫోనులు కూడా ఆగిపోయాయి, సూపు వేడివేడిగా తాగుతున్నాడు. తను పోయాక ఆక్సెల్ ఆ చెట్టు మీద ఒక శిలువ చెక్కాలి, అంతే. అందుకేమైనా అభ్యంతరముందా అని అడగడానికి వచ్చాడు.

మార్గిత్ బల్ల వెనక్కి వెళ్లి కూర్చుంది. సంపూర్ణ రక్షిత ప్రాంతంలో బెరడుకు గాయం చేయడం నేరం. అయితే కేంద్రం జనం ఆచారాలకు వ్యతిరేకం కాదు, మినహాయింపు ఉంది. గుర్తు ఎవరి పేరిట చెక్కుతారో ఆ వ్యక్తి, మరణ ధ్రువపత్రంతో సహా, స్వయంగా వచ్చి దరఖాస్తు చేసుకోవాలి. ఆమె ఆ నిబంధనను ఒకసారి చదివింది. గొంతు సవరించుకుని, పొరపాటున చదివానేమోనని రెండోసారి చదివింది. రెండోసారీ అలాగే ఉంది.

“చచ్చినట్టు కాగితం పట్టుకుని నేనే రావాలా?”

“మీ తరఫున వేరేవాళ్లు అడిగితే అది మీ ఇష్టమని ఎలా అనగలమండీ.” ఆమె తల ఎత్తలేదు. “ఇక్కడంతా స్వచ్ఛందం కదా.”

హెల్డూర్ ఆలోచించాడు. కిటికీలోంచి బస్టాండు కనబడుతోంది. పెద్యా వెళ్లే బస్సు వచ్చి ఆగింది.

“సరే అమ్మా,” అన్నాడు టోపీ తీసుకుని లేస్తూ. “శిలువ లేకపోతే ఎలాగూ మేం ఇంటికే వస్తాం. మైముది కూడా లేదుగా ఇప్పుడు. దారిలో ఇక్కడ దిగి, ఇద్దరం కలిసే వస్తాం.”

అలవాటు పడ్డ మార్గిత్ చెయ్యి దానంతటదే వెళ్లి బల్ల మీది క్యాలెండరు అందుకుంది.

“ఇద్దరూ వేరువేరుగా సమయం తీసుకోవాలండీ.”